మూలా నక్షత్రం నాటికి ఒక ఆంప్

జూలై 8, సోమవారం

మా ముందుగదిలో సగం ఒక బల్ల ఆక్రమించుకుంది. బల్ల అంటే ఈయనకి కోపం. అది పెడల్ స్టీల్ గిటార్ అట. నాలుగు కాళ్ళ మీద నిలబడుతుంది. పైన పది తీగలు, కింద మూడు పెడల్స్, మోకాళ్ళతో నెట్టే మీటలు వేరే. స్టూలు వేసుకుని దాని ముందు కూర్చోవాలి. ఎడంచేత్తో ఒక స్టీలు కడ్డీని తీగల మీద జరుపుతూ కుడిచేత్తో మీటాలి.

ఇచ్చినవాడు రే. టెక్సస్ మనిషి. తాటిపాక దగ్గర ఆయిల్ రిగ్గు మీద డ్రిల్లింగ్ పనికి వచ్చాడు. ఈయన అక్కడే ఎలక్ట్రికల్ సూపర్‌వైజరు కనక అప్పుడప్పుడు మా ఇంటికి భోజనానికి తీసుకొచ్చేవారు. మొదటిసారి వచ్చినప్పుడు నేను వీణ వాయించాను. పనసపొట్టు కూర కన్నా అదే బాగుందన్నాడు. ఆఖరిసారి వచ్చేసరికి నా చెయ్యి ఇలా అయింది. తుపాను గాలికి ఇనపగేటు వచ్చి ఎడంచేతి మీద పడింది. చూపుడువేలూ, మధ్యవేలూ నలిగిపోయాయి. అతుక్కున్నాయి గానీ వంగవు. వంగని వేళ్ళతో వీణ మెట్ల మీద తీగ నొక్కలేను. జీవితమంతా పాఠాలు చెప్పినదాన్ని, రెండేళ్ళుగా వీణకి గుడ్డ కప్పి కూర్చున్నాను.

పోయిన నెల కాంట్రాక్టు అయిపోయి వెళ్ళిపోతూ రే ఈ పెట్టె మా వరండాలో దింపించాడు. నా చెయ్యి పట్టుకుని చూసి, దీనికి వేళ్ళు వంచక్కర్లేదు, చాచి ఉంచితే చాలు అన్నాడు. అదే మాట ఈయన మళ్ళీ తెలుగులో చెప్పారు. నాకు ఇంగ్లీషు రాక కాదు. ఏడుపొచ్చి సరిగ్గా వినపడలేదు.

ఎక్కడో పుట్టిన మనిషికి నా మీద ఇంత దయ దేనికో. భగవంతుడు అతన్ని చల్లగా చూడాలి.

ఇప్పుడు దీనికి ఆంప్ కావాలి, సౌండు పెంచే యాంప్లిఫయరు. హెడ్‌ఫోన్స్‌లో వింటే దోమ పాడినట్టుంది. ట్యూబ్ ఆంప్ అయితేనే తీసుకోమని రే మెసేజ్ పెట్టాడు. అంటే లోపల గాజుబుడ్లు వెలిగే పాతకాలం రకం. ఈ కాలంలో రాజోలులో అది ఎక్కడ దొరుకుతుందో ఈయనే వెతకాలి.

జూలై 10

పెడల్స్ కాలితో తొక్కాలి. ఈ సంగతి ఇవాళే బుర్రకెక్కింది.

జూలై 11

పదేళ్ళప్పుడు అమలాపురంలో మంగాయమ్మ గారి దగ్గర వీణ నేర్చుకునేదాన్ని. ఒకరోజు లేవబోతుంటే నా కాలు వీణ కుండకి తగిలింది. ఆవిడ కొట్టలేదు, తిట్టలేదు. వీణ ముందు సాష్టాంగం చేయించి, ఆ పూటకి పాఠం లేదు పొమ్మన్నారు. ఇప్పటికీ న్యూస్‌పేపరుకి కాలు తగిలినా నా చెయ్యి దానంతటదే కిందికి వెళ్ళి, కళ్ళకి అద్దుకుని వస్తుంది. వాయిద్యం అంటే సరస్వతి. సరస్వతిని తొక్కమంటాడేమిటి ఈ మహానుభావుడు?

ఉపాయం దొరికింది. వెడల్పాటి స్టూలు తెప్పించి దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. కాళ్ళు నా కిందే ఉంటాయి, ఎక్కడికీ పోవు. పెడల్స్ జోలికి పోకుండా కడ్డీ ఒక్కదానితోనే జారిస్తాను. ఈయన చూసి ఏమీ అనలేదు. ఈయన ఏమీ అనకపోతే నాకు ఒళ్ళు మండుతుంది.

జూలై 14, ఆదివారం

అమలాపురం ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించే నాగదుర్గాప్రసాద్ తన ట్యూబ్ ఆంప్ పట్టుకొచ్చాడు. చిన్నది, బియ్యం డబ్బా అంత. తను ఇంకోటి కొనుక్కుంటున్నాడట, ఇది నచ్చితే నన్ను ఉంచేసుకోమన్నాడు. స్విచ్చి వేశాక ట్యూబులు వేడెక్కేదాకా ఆగాలని చెప్పాడు. ఆగాను. మీటాను.

ఏం రాయను! రెండేళ్ళ తరవాత నా చేతి కింద శహాన రాగం పలికింది. గమకం పూర్తిగా రాలేదు. స్వరం సగం దారిలో ఆరిపోతోంది. అయినా శహానే. నాగదుర్గాప్రసాద్ ఫోన్లో ఏదో చూసుకుంటున్నట్టు తల దించేసుకున్నాడు. మంచివాడు. వద్దంటున్నా రెండోసారి పాయసం పోశాను.

జూలై 21, గురుపూర్ణిమ

మంగాయమ్మ గారికి బట్టలు పెట్టి వచ్చాం. ఎనభై దాటాయి ఆవిడకి. వాళ్ళాయన శరభయ్య గారు వాలుకుర్చీలో కళ్ళు మూసుకుని తనలో తను వేదం చెప్పుకుంటున్నారు, పెళ్ళినాటి నుంచీ అదే పని అని ఆవిడ విసుక్కుంటారు. ఆవిడకి చెవులు బాగా మందగించాయి. మెషిన్ పెట్టుకోమంటే పెట్టుకోరు. అందులో స్వరం రేకులా మోగుతుందట.

ఏటా దసరాల్లో మూలా నక్షత్రం నాడు ఆవిడ ఇంట్లో సరస్వతీ పూజ. శిష్యులందరూ తలో కీర్తనా వాయించాలి. రెండేళ్ళుగా నేను ప్రసాదాలు పంచి వచ్చేస్తున్నాను. ఇవాళ ఈయన నోరు ఊరుకోక కొత్త వాయిద్యం సంగతి ఆవిడ చెవిలో గట్టిగా చెప్పేశారు. ఆవిడ నా వేళ్ళు తన చేతిలోకి తీసుకున్నారు. ఈ మూలా నక్షత్రానికి తనకి శహాన వినిపించమన్నారు. వచ్చే ఏటికి ఈ కాస్త చెవులూ ఉంటాయో ఉండవో అన్నారు.

పెడల్స్ సంగతి ఈయన చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

జూలై 26

గోదారి పెరిగింది. పి. గన్నవరం అవతల లంకల్లోకి నీళ్ళొచ్చాయి. కరెంటు పోతోంది, వస్తోంది. వోల్టేజి పడిపోయినప్పుడు చిన్న ఆంప్ జలుబు చేసినట్టు పలుకుతోంది. ఈయన స్టెబిలైజరు తెచ్చారు.

రే వీడియో కాల్ చేశాడు. అతను చెప్పింది ఇదీ: ఆంప్ ఎంచుకునేటప్పుడు కుడికాలు, గిటార్‌తో పాటు విడిగా ఇచ్చిన వాల్యూమ్ పెడల్ మీద ఉండి తీరాలి. మీటినప్పుడు సగం సౌండే వదలాలి. స్వరం ఆరిపోతున్న కొద్దీ పాదంతో మెల్లిగా తొక్కుతూ దాన్ని నిలబెట్టాలి. అలా తొక్కుతుంటే చిన్న ఆంప్ గొంతు చిరిగిపోతుంది, పెద్దదైతే క్లీన్‌గా మోస్తుంది. ఇక ఎడంకాలి పెడల్ నొక్కితే రెండు తీగలు పై స్వరానికి జారతాయి. వీణ మీద నా రెండు వేళ్ళూ తీగ లాగి చేసిన పని అదేనట. పాదం బాగా అలవాటైందా అని అడిగాడు.

అయింది అన్నాను. ఫోన్ మాత్రం కాళ్ళు కనపడకుండా పైకి పెట్టాను. అంత మంచివాడితో అబద్ధం ఆడితే నాకు అన్నం సయించలేదు.

ఆగస్టు 4, ఆదివారం

ఈయన ఎవరిని పట్టుకొచ్చారో చూడు! బంగారరాజు గారు. రాజోలులో రేడియో రిపేరు చేసేవారు, అంతకు ముందు టూరింగ్ టాకీసులో ఆపరేటరు. ఆ టాకీసు మూసేసినప్పుడు దాని ట్యూబ్ ఆంప్ తెచ్చుకుని అటక మీద దాచారట. ఈయన అడిగితే దించి, బాగుచేసి, పదిహేనంగుళాల స్పీకరు పెట్టెతో సహా ఆటోలో వేసుకొచ్చారు. ఇనప చట్రం, దాని మీద బయటికే నిలబడ్డ నాలుగు పెద్ద ట్యూబులు. మా ఇంటి గుమ్మం పట్టలేదు. తలుపు ఊడదీశారు.

మాటలు జాస్తి మనిషి. హీరో డైలాగు చిరిగితే నేల టికెట్టువాళ్ళు తనని చింపేసేవారట, అందుకని ఎంత పెంచినా చిరగకుండా ఆంప్‌ని పెంచుకున్నారట. ఆ ఊపులో స్విచ్చి వేశారు. ఇల్లంతా బుయ్యిమని హమ్. నేను చెవులు మూసుకున్నాను. ఆంప్ బంగారమేనట, మా ఇంటి ఎర్తే బాగాలేదట. ఎలక్ట్రికల్ సూపర్‌వైజరు ఇంట్లో ఎర్త్ బాగాలేదు! ఈయన మొహం చూసి తీరాలి.

ఆగస్టు 6

ఈయన సెలవు పెట్టి పెరట్లో కొబ్బరిచెట్ల మధ్య గొయ్యి తవ్వారు. మన నేలలో నీళ్ళు పడడానికి ఎంతసేపు? మోకాలి లోతు బురదలో దిగి, బొగ్గూ ఉప్పూ పోసి, రాగి ప్లేటు పాతి, కొత్త వైరు లాగారు. పొద్దున్న మొదలెడితే సాయంత్రమైంది. స్విచ్చి వేస్తే హమ్ లేదు. ఏమీ లేదు. పక్కింటి కుక్కర్ విజిల్ వినపడింది.

ఈ నిశ్శబ్దం నా కోసం తవ్వి తెచ్చారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈయన చేసిన వాటికి లెక్క లేదు గానీ, ఒక్కసారీ నోటితో మంచిగా చెప్పి ఎరగను. ఇక్కడైనా రాసుకుంటాను. వేణ్ణీళ్ళు కాచి వీపు రుద్దాను.

ఆగస్టు 11, ఆదివారం

రెండు ఆంప్‌లూ పక్కపక్కన పెట్టి విన్నాం. నేను స్టూలు మీద బాసింపట్టులోనే.

చిన్నది దగ్గరగా, తియ్యగా ఉంది. పెద్దది మీటగానే రాయి విసిరినట్టు ఠంగుమంటుంది, మరుక్షణం ఏమీ లేదు. తగ్గిస్తే ప్రాణం లేదు. నాకు చిన్నదే నచ్చింది, అదే చెప్పాను. బంగారరాజు గారు ఆంప్ వైపు చూడలేదు. వంగి గిటార్ కిందకి చూశారు. దుమ్ము పట్టిన పెడల్స్, గోడ వైపు తిప్పేసిన వాల్యూమ్ పెడల్.

"ఏమీ అనుకోకండమ్మా. కారు చూడ్డానికొచ్చి, ఇంజను ఆపేసి, తోసుకుని చూస్తున్నారండి తవరు," అన్నారు.

నాకు కోపం ముంచుకొచ్చింది. అయినా కాఫీ ఇచ్చాను. పంచదార మాత్రం తగ్గించాను. ఆయన వెళ్తూ ఈయనతో, దసరా దాకా ఆంప్ ఇక్కడే ఉంచమన్నారు. వద్దనుకుంటే ఆ తరవాత రాజమండ్రిలో ఎవరో స్టూడియో వాళ్ళకి ఇచ్చేస్తారట.

ఆగస్టు 12

ఆయన అన్నది నిజమే. అందుకే కోపం.

ఆగస్టు 16, వరలక్ష్మీ వ్రతం

పేరంటానికి వచ్చినవాళ్ళందరి పాదాలకీ పసుపు రాసి నడుం పట్టేసింది. పక్కింటి భవానీదేవి కోడలు నాకంటే ముప్ఫై ఏళ్ళు చిన్నది, సిగ్గుపడి కాళ్ళు ముడుచుకుంది. వయసుతో పనేముంది, ఈ పూట నువ్వు లక్ష్మీదేవివి, కాళ్ళు చాపు అని గదిమాను. పట్టీలు కొత్తవి. బాగున్నాయి.

ఆగస్టు 20

పట్టరాని ఏడుపు, ఆ తరవాత నవ్వు. వరసగా రాస్తాను.

వాయించడం అయ్యాక వీణకి గుడ్డ కప్పడం చిన్నప్పటి అలవాటు. ఇవాళ పెద్ద ఆంప్ పెట్టి కాసేపు వాయించి, ఆపేసి, వీణ మీదున్న పట్టుగుడ్డ తీసి మర్యాదగా దాని మీద కప్పి వంటింట్లోకి వెళ్ళాను. ఆపేశాక కూడా ట్యూబులు అంత వేడిగా ఉంటాయని నాకెవరు చెప్పారు? కమురు వాసన వస్తుంటే పొయ్యి మీద వంకాయ కాలుతోంది కదా అనుకున్నాను. తీరా వచ్చి చూస్తే పట్టుగుడ్డకి నాలుగు గుండ్రటి చిల్లులు. నా మొదటి కచేరీకి మంగాయమ్మ గారు కప్పిన గుడ్డ అది.

కూర్చుని భోరుమన్నాను. ఈయన డ్యూటీ నుంచి వచ్చి, గుడ్డ ఎత్తి పట్టుకుని, రెండు చిల్లుల్లోంచి నన్ను చూశారు. కళ్ళు మాత్రమే కనపడుతున్నాయి. నవ్వకుండా ఎవరుంటారు? కొత్త గుడ్డ బండారులంకలో నేయిద్దామన్నారు.

ఆగస్టు 23

బండారులంక. మేము చీరలు తెచ్చుకునే అప్పాయమ్మ ఇంటికి వెళ్ళాం. ఇంత పొడవు, ఇంత వెడల్పు, నూలే, పట్టు వద్దు అని చెప్పాను. దేనికండీ అంది. సినిమా హాలు మిషనుకి అన్నాను. ఆయ్ అంది, మళ్ళీ అడగలేదు.

మేము కూర్చున్నప్పుడే ఆవిడ నేతకి దిగింది. గుంట మగ్గం. వాకిట్లో చెంబుతో కాళ్ళు కడుక్కుంది. మగ్గానికి చెయ్యి తాకించి కళ్ళకద్దుకుంది. గుంటలోకి కాళ్ళు దింపి తొక్కడం మొదలెట్టింది. ఒకటి, రెండోది, ఒకటి, రెండోది. గోడకి మగ్గం పూజ చేసిన పసుపూ కుంకుమా ఇంకా ఉన్నాయి.

దారిలో ఈయన ఏదో అడుగుతున్నారు. నేను ఆ పాదాలే తలుచుకుంటున్నాను.

సెప్టెంబరు 1, ఆదివారం

ఈయన ఊళ్ళో లేరు. కాళ్ళు కడుక్కుని, గిటార్‌కి దణ్ణం పెట్టి, కాళ్ళు కిందికి దించి కూర్చున్నాను. ఎడంపాదం పెడల్ మీద ఆనించాను. చల్లగా తగిలింది. నొక్కాను. రెండు తీగలు పైకి జారాయి. అచ్చం నా పాత వేళ్ళు లాగినట్టే జారాయి.

ఆ వెంటనే నా చెయ్యి మీటడం మానేసి పెడల్ తాకి కళ్ళకి అద్దుకుంది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అద్దుకుంది. ఇలా గంట సేపు. కీర్తన వాయించానా, గుంజీలు తీశానా తెలియదు. అప్పాయమ్మకి ఒకసారి అద్దుకుంటే సరిపోయింది. నాకెందుకు సరిపోదు? నా ఒంట్లో ఇంకా ఆ పదేళ్ళ పిల్ల సాష్టాంగపడే ఉంది.

మళ్ళీ బాసింపట్టు.

సెప్టెంబరు 29

బంగారరాజు గారికి ఫోన్ చేసి, చిన్నదే ఉంచుకుంటున్నానని, దసరా వెళ్ళాక తనది పట్టుకెళ్ళమని చెప్పాను. ఆయ్ అన్నారు. అంతే. అంత మాటకారి ఒక్క ఆయ్‌తో ఊరుకుంటే ఎంత బాధో నాకు తెలుసు.

అక్టోబరు 8

రేపే. కారు వద్దని ఈయన వ్యాను మాట్లాడారు. ఎందుకంటే రెండు ఆంప్‌లూ తీసుకెళ్తారట. పెద్దది దేనికీ, నేను చిన్నదే తేల్చుకున్నాను కదా అన్నాను. చోటుంది కదా అన్నారు. వాల్యూమ్ పెడల్ కూడా పెట్టారు, కొత్త నూలుగుడ్డలో చుట్టి. నేను చూడనట్టు ఊరుకున్నాను.

అక్టోబరు 9, మూలా నక్షత్రం, సాయంత్రం

వంట ఇంకా కాలేదు. అయినా ఇవాళే రాయాలి.

మంగాయమ్మ గారి హాలు నిండా జనం. అమ్మవారికి తెల్లచీర కట్టారు. వీణలన్నీ వరసగా. వాటి పక్కన నా ఇనప కాళ్ళ బల్ల. అందరూ వాయించాక నా వంతు వచ్చింది. చిన్న ఆంప్ పెట్టుకుని, స్టూలు మీద బాసింపట్టు వేసుకుని శహాన ఎత్తుకున్నాను.

ముందుగదిలో సరిపోయిన సౌండు ఆ హాల్లో ఎక్కడికీ చేరలేదు. ఆవిడ చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. పెంచాను. ఇంకా ముందుకి వంగారు. ఇంకా పెంచాను. ఆంప్ గొంతు చిరిగింది. చిరిగినా స్వరం నిలబడలేదు. పైషడ్జం అందుకుంటూనే ఆరిపోయింది.

ఆవిడ చెయ్యెత్తి ఆపించారు. స్వరాన్ని సగంలో తుంచేయడం తను ఎప్పుడు నేర్పారని అడిగారు. నేను తల దించుకున్నాను. ఏం చెప్పను?

చెప్పింది ఈయన. మగవాళ్ళ వరసలోంచి లేచి వచ్చి, ఆవిడ చెవి దగ్గర వంగి, అంతా చెప్పేశారు. దీన్ని పాదాలతో వాయించాలనీ, వేళ్ళు చెయ్యలేనిది పాదాలు చేస్తాయనీ, చిన్నప్పుడు మీరు చేయించిన సాష్టాంగం వల్ల ఈవిడ కాళ్ళు కింద పెట్టడంలేదనీ. నేలలోకి దిగిపోతే బాగుండుననిపించింది. ఇంటికొచ్చాక ఈయన పని చెప్పాలనుకున్నాను.

మంగాయమ్మ గారు అంతా విన్నారు. తరవాత కోడల్ని కేకేసి పసుపు గిన్నె తెమ్మన్నారు. పేరంటానికి కలిపిన పసుపు. నన్ను స్టూలు మీదే ఉండమని, ఒకళ్ళ భుజం పట్టుకుని, ఆ వయసులో ఆవిడ నేల మీద కూర్చున్నారు. నా కాలు పట్టుకున్నారు.

వెనక్కి లాక్కున్నాను. గురువు గారు నా కాళ్ళు ముట్టుకోవడమేమిటి! లాక్కుంటే ఆవిడ చీలమండ గట్టిగా పట్టుకున్నారు.

"ఉండవే దుర్గా. ఇవాళ మా ఇంటికొచ్చిన ముత్తయిదువ్వి, అమ్మవారివి. ఏటా అందరికీ రాస్తున్నాను, నీకూ రాస్తాను."

ఎడంపాదానికి రాశారు. వేళ్ళ సందుల్లోకి, మడమ దాకా. కుడిపాదానికి రాశారు. ముసలి చేతులు, గరుకుగా ఉన్నాయి. పారాణి పెట్టే రోజు మా అమ్మ కూడా ఇంత శ్రద్ధగా రాయలేదు. నా కన్నీళ్ళు ఆవిడ తల మీద పడుతున్నాయి, ఆవిడకి తెలియలేదు. అయ్యాక తలెత్తి చూశారు.

"అమ్మవారి పాదాలు ఇవి. ఇప్పుడు చెప్పు, ఎక్కడ పెడితే తప్పొస్తుంది?"

ఈయన అప్పటికే వాల్యూమ్ పెడల్ గుడ్డ విప్పి నా కాళ్ళ దగ్గర పెట్టారు. వ్యానులోంచి బంగారరాజు గారి ఆంప్ దించి తెచ్చారు. ట్యూబులు వేడెక్కేదాకా అందరూ ఆగారు. ఎర్రగా వెలిగాయి.

కుడిపాదం ఆనించి సగమే వదిలాను. మీటాను. ఎడంపాదం నొక్కాను. స్వరం జారింది, ఊగింది, నా వేళ్ళు ఒకప్పుడు తీసుకెళ్ళిన చోటికే వెళ్ళింది. ఆరిపోబోతుంటే కుడిపాదంతో తొక్కాను. ఆరలేదు. ఇంకా తొక్కాను. ఆ టాకీసు ఆంప్ చిరగలేదు. హాలంతా నిండింది, క్లీన్‌గా, గుండ్రంగా. నా చెయ్యి కళ్ళకి అద్దుకోవడానికి కిందికి వెళ్ళలేదు. వెళ్ళలేదన్న సంగతి కీర్తన అయిపోయాక గానీ తెలియలేదు.

మంగాయమ్మ గారు చెవి దగ్గర చెయ్యి తీసేశారు. తాళం వేస్తున్నారు, ఒళ్ళో. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. వాలుకుర్చీలో శరభయ్య గారు వేదం ఆపి వింటున్నారు. నా ఎరికలో ఆయన ఆపడం ఇదే మొదటిసారి.

వ్యానులోంచే బంగారరాజు గారికి ఫోన్ చేసి, ఆంప్ పట్టుకెళ్ళడానికి రావద్దు, కాఫీకి రమ్మన్నాను. పంచదార సరిపడా వేస్తానని కూడా చెప్పాను. రే కి వీడియో కాల్ చేసి నిజం చెప్పి, ఫోన్ కిందికి తిప్పి కాళ్ళు చూపించాను. పచ్చగా ఉన్నాయేమిటని కంగారుపడ్డాడు.

ఈయన పని చెప్పాలనుకున్నాను కదా. చెప్పలేదు. చెయ్యి పట్టుకుని కూర్చున్నాను, రాజోలు దాకా.

అక్టోబరు 10

ఈయన వాల్యూమ్ పెడల్ తుడవబోతే వద్దన్నాను. నల్ల రబ్బరు మీద నా కుడిపాదం అచ్చు, పసుపుది. ఐదు వేళ్ళూ ఉన్నాయి.